టెర్మినల్‌లో విజయవాడ వరస ఎందుకు లోపలికి జరుగుతుంది?

ముందు మీ ప్రశ్నని నా మాటల్లో చెబుతాను, తేడా ఉంటే దిద్దండి. మీరు గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీలో కంప్యూటర్ల పని చూస్తున్నారు. ఆఫీసులో ఉబుంటు అనే లినక్స్ రకంతో నడిచే సర్వర్ ఒకటి ఉంది, దాంట్లోకి ఎస్‌ఎస్‌హెచ్‌తో దూరం నుంచే లాగిన్ అవుతారు. అందులో రెండు రకాల ఫైళ్లున్నాయి. ఒకటి గుమాస్తాల కోసం రాసిన సూచనలు, తెలుగూ ఇంగ్లిషూ కలిసిన పొడవాటి పేరాలు. రెండోది రోజువారీ స్టాకు పట్టీ: లాట్ నంబరు, ఊరు, మిర్చి రకం, టిక్కీలు (బస్తాలు), బరువు. సూచనల ఫైలుని, పొడుగు వరసల్ని విరిచే ఫోల్డ్ కమాండ్‌తో 80కి విరిస్తే మాటలు మధ్యలో తెగుతున్నాయి, తెగినచోట నల్ల డైమండ్‌లో ప్రశ్నార్థకం వస్తోంది. స్టాకు పట్టీలో ఊరి పేర్లని పైథాన్‌తో 15 అక్షరాల వెడల్పుకి సర్దారు. గుంటూరు వరస నిటారుగానే ఉంది. విజయవాడ వరస రెండు గళ్లు ఎడమకి జరిగింది, తెనాలి వరస మూడు గళ్లు. గుంటూరుకీ విజయవాడకీ పొడవు అడిగితే పైథాన్ రెండింటికీ 7 అనే చెబుతోంది. మరి ఒకటి బాగుండి ఒకటి జరగడమేంటి అన్నది మీ ప్రశ్న. చివర్లో ఆ పట్టీని డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ మీద కొట్టడం గురించి కూడా అడిగారు.

ఇంకో మాట. ఫోన్‌లో తెలుగు కీబోర్డుతోనే ఇదంతా రాస్తున్నాను, కాబట్టి కమాండ్లూ ఆప్షన్లూ నోటితో పలికినట్టే ఉంటాయి. మీరు టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టుకోండి. పెద్ద అక్షరం కావాల్సిన చోట 'పెద్ద ఎస్' అని విడిగా చెబుతాను.

మీ రెండు ఇబ్బందులకీ మూలం ఒకటే. మీరు వాడిన కమాండ్లన్నీ లెక్కపెడుతున్నాయి గానీ, అన్నీ ఒకే వస్తువుని లెక్కపెట్టడం లేదు. ఫోల్డ్ బైట్లు, అంటే ఫైల్లో పట్టే చోటు, లెక్కపెడుతోంది. పైథాన్ యూనికోడ్ (అన్ని లిపుల గుర్తులకీ నంబర్లిచ్చే పట్టిక) గుర్తులు లెక్కపెడుతోంది. టెర్మినల్, అంటే మీరు కమాండ్లు కొట్టే తెర, గళ్లు లెక్కపెడుతోంది. ఇంగ్లిష్‌లో ఈ మూడూ ఒకటే కాబట్టి అక్కడ ఎవరికీ తేడా తెలియదు. ఒక బైటు, ఒక అక్షరం, ఒక గడి. తెలుగు దగ్గరికి వచ్చేసరికి మూడూ మూడు దారులు.

గుంటూరు అనే మాటనే తీసుకుందాం. బడిలో నేర్చుకున్న లెక్కలో అది మూడు అక్షరాలు: గుం, టూ, రు. యూనికోడ్ లెక్కలో 7 గుర్తులు: గ, కొమ్ము, సున్న, ట, కొమ్ముదీర్ఘం, ర, మళ్లీ కొమ్ము. గుర్తుల్ని బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కొక్కటి 3 బైట్లు, కాబట్టి మొత్తం 21 బైట్లు. విజయవాడ కూడా ఇలాగే: వ, గుడి, జ, య, వ, దీర్ఘం, డ. ఇవీ 7 గుర్తులే, 21 బైట్లే. ఇంతవరకూ ఇద్దరూ సమానం.

తేడా నాలుగో లెక్కలో, అంటే గళ్ల లెక్కలో వస్తుంది. టెర్మినల్‌ని గళ్ల నోటుబుక్కు అనుకోండి. ఏ గుర్తు వచ్చినా ఎన్ని గళ్లు ఇవ్వాలో దానికి ముందే తెలియాలి. ఆ వివరం యూనికోడ్ పట్టికలో ప్రతి గుర్తుకీ ఉండే కేటగిరీ నుంచి వస్తుంది. తెలుగు గుణింతపు గుర్తుల్ని ఆ పట్టిక రెండు జాతులుగా విడగొట్టింది. గుడి, గుడిదీర్ఘం, ఎత్వం, ఏత్వం, ఐత్వం, ఒత్వం, ఓత్వం, ఔత్వం, దీర్ఘం, ఒత్తు పెట్టడానికి వాడే పొల్లు గుర్తు ఇవన్నీ 'ఎమ్‌ఎన్' జాతి. హల్లు మీద కూర్చునేవి, సొంత గడి అక్కర్లేనివి. కొమ్ము, కొమ్ముదీర్ఘం, వట్రుసుడి, సున్న, అరసున్న, విసర్గ 'ఎమ్‌సీ' జాతి. పక్కన నిలబడేవి, తలా ఒక గడి తీసుకునేవి. దీర్ఘాన్ని పైన కూర్చునే జాతిలో ఎందుకు వేశారని అడక్కండి, నాకూ అది పక్కనున్నట్టే కనిపిస్తుంది. పట్టికలో మాత్రం అలాగే ఉంది.

ఇప్పుడు లెక్కపెట్టండి. విజయవాడలో గుడికి సున్నా, దీర్ఘానికి సున్నా, మిగిలిన ఐదు హల్లులకీ ఐదు గళ్లు. గుంటూరులో కొమ్ములూ సున్నా అన్నీ పక్కన నిలబడేవే కాబట్టి ఏడుకి ఏడు గళ్లు. పైథాన్ రెండింటికీ ఎనిమిదేసి ఖాళీలు కలిపి 15 చేశానని అనుకుంటోంది. టెర్మినల్‌లో విజయవాడ 5 గళ్లూ 8 ఖాళీలూ కలిసి 13 అయ్యాయి. మీ రెండు గళ్లు అక్కడ పోయాయి. తెనాలికి ఎత్వం, దీర్ఘం, గుడి మూడూ ఉన్నాయి. 6 గుర్తులు, 3 గళ్లు. అందుకే అది మూడు జరిగింది. మాచర్ల 6 గుర్తులు, 4 గళ్లు. సత్తెనపల్లి 11 గుర్తులకి 7 గళ్లే. చిలకలూరిపేట 11 గుర్తులకి 8. మీ పట్టీలో సత్తెనపల్లి రైతుల లాట్లు ఉండి ఉంటే నాలుగు గళ్లు జరిగేవి, ఇంకా ముందే గమనించేవారు.

పైథాన్‌లో దీన్ని సరిచేయడానికి పెద్ద పనేం లేదు. యూనికోడ్‌డేటా అనే మాడ్యూల్ పైథాన్‌తోపాటే వస్తుంది, అందులో కేటగిరీ అనే ఫంక్షన్ ఉంటుంది. ఊరి పేరులో ఒక్కో గుర్తునీ దానికిచ్చి అడగండి. ఎమ్‌ఎన్ అంటే సున్నా, సీఎఫ్ అంటే సున్నా (రెండింటికీ మొదటి అక్షరం పెద్దది), ఇంకేమొచ్చినా ఒకటి. కూడగా వచ్చిన సంఖ్యని 15 లోంచి తీసేసి, మిగిలినన్ని ఖాళీలు పేరు వెనక అతికించండి. నాలుగు వరసల ఫంక్షన్. సీఎఫ్ ఎందుకంటే, 'సాఫ్ట్‌వేర్' లాంటి మాటల్లో ట్ తర్వాత కంటికి కనపడని గుర్తు ఒకటి దూరి ఉంటుంది, ఒత్తు పడకుండా పొల్లుని పొల్లుగా నిలబెట్టడానికి. అదీ 3 బైట్లే, గళ్లు మాత్రం సున్నా. ఫైల్లో ఒకచోట అది ఉండి ఇంకోచోట లేకపోతే గ్రెప్‌తో వెతికినప్పుడు సగమే దొరుకుతాయి. మీకు ఎప్పుడైనా 'ఉన్న మాట దొరకడం లేదు' అనిపిస్తే ముందు దాన్ని అనుమానించండి.

పైథాన్ వదిలేసి షెల్‌లోనే, అంటే టెర్మినల్లో కమాండ్లు నడిపే ప్రోగ్రాంలోనే, చేద్దామనుకుంటే ఇంకా కష్టం. బ్యాష్ అనే షెల్‌లోని ప్రింట్‌ఎఫ్ బైట్లే లెక్కపెడుతుంది. 15 వెడల్పు అడిగితే విజయవాడ అప్పటికే 21 బైట్లు కాబట్టి ఒక్క ఖాళీ కూడా కలపదు, ఊరి పేరూ రకమూ ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ఆక్ అనే ఇంకో కమాండ్‌లో ఎక్కువగా కనిపించేవి రెండు రకాలు. ఎమ్‌ఆక్ బైట్ల లెక్క, జీఆక్ గుర్తుల లెక్క. గళ్ల లెక్క రెండింటికీ తెలియదు.

గళ్ల లెక్క తెలిసిన కమాండ్ ఒకటుంది: కాలమ్. మైనస్ టీ ఇస్తే పట్టీ కడుతుంది. మీ ఫైల్లో కామాలతో విడగొట్టి ఉంటే ఇలా:

కాలమ్ -టీ -ఎస్ ',' స్టాకు.సీఎస్‌వీ

కొత్త వెర్షన్లలో మైనస్ పెద్ద ఆర్ అని ఇచ్చి టిక్కీల కాలమ్‌నీ బరువు కాలమ్‌నీ కుడివైపుకి సర్దుకోవచ్చు. అంకెలు కుడికి సర్దితేనే ఒకట్లు, పదులు, వందలు ఒకదాని కింద ఒకటి పడి కంటికి తప్పు దొరుకుతుంది.

కాలమ్ విషయంలో నాకొక చేదు అనుభవం ఉంది. పాత ఉబుంటులో, డెబియన్‌లో వచ్చే కాలమ్ వేరే వంశానిది. దానికి రెండు కామాలు పక్కపక్కన కనిపిస్తే ఒకటే కామా అనుకుంటుంది. ఒక గోడౌన్ పట్టీలో కొన్ని లాట్లకి రకం రాయలేదు, ఖాళీగా వదిలేశారు. అలాంటి వరసల్లో టిక్కీల సంఖ్య రకం కిందకీ, బరువు టిక్కీల కిందకీ జరిగిపోయింది. పట్టీ చూడ్డానికి మాత్రం ముత్యాల్లా ఉంది. చూసినవాళ్లు బరువునే టిక్కీలనుకుని ఫోన్లు చేశారు, మూడు రోజుల తర్వాత గానీ నాకు వెలగలేదు. అప్పట్నుంచీ ఖాళీ ఫీల్డు ఉన్నచోట ఒక అడ్డగీత పెట్టి గానీ కాలమ్‌కి ఇవ్వను. మీరూ అలాగే చేయండి, వెర్షన్ ఏదైనా సరే. జరిగిపోయిన అంకె కన్నా అడ్డదిడ్డంగా ఉన్న పట్టీ నయం, కనీసం అనుమానం వస్తుంది.

ఇక్కడ నిజం ఒకటి ఒప్పుకోవాలి. లెక్కలన్నీ సరిపోయినా తెర మీద గీతలు నిటారుగా వస్తాయన్న హామీ లేదు. గళ్లు ఇచ్చేది టెర్మినల్, బొమ్మ గీసేది ఫాంటు. 'సత్తె'లో లెక్క ప్రకారం మూడు హల్లులకి మూడు గళ్లు. ఒత్తుని కింద సరిగ్గా కలిపే టెర్మినల్‌లో రెండు గళ్లలో సరిపోయి మూడోది బోసిగా మిగలొచ్చు. ఒత్తులు కలపడం రాని టెర్మినల్‌లో పొల్లు పొల్లుగానే ఉండి అక్షరాలు విడివిడిగా కనిపిస్తాయి. పైగా కొన్ని ప్రోగ్రాములూ లైబ్రరీలూ కొమ్ముకి కూడా సున్నా గళ్లే ఇస్తాయి. ఒకే ఫైలు మీ దగ్గర నిటారుగా, మేనేజర్ గారి ల్యాప్‌టాప్‌లో వంకరగా కనిపించడానికి ఇదే కారణం.

అందుకే నేను ఏళ్లుగా పాటించే పద్ధతి వేరు. తెలుగు ఉన్న కాలమ్‌ని పట్టీలో చివరికి నెట్టేస్తాను. లాట్ నంబరు, టిక్కీలు, బరువు, రకం కోడు ముందు. ఊరి పేరు, రైతు పేరు వెనక. చివరి కాలమ్ తర్వాత సర్దాల్సిందేమీ లేదు కాబట్టి అది ఎన్ని గళ్లు తింటే ఎవరికి బాధ? మీ రకాలు కూడా ఎలాగూ 334, 341 లాంటి అంకెలే ఎక్కువ, తేజ, బాడిగ లాంటి వాటికి రెండక్షరాల ఇంగ్లిష్ కోడు పెట్టేసుకోండి. పై ఫంక్షన్ రాసుకోవద్దని కాదు, రాసుకోండి, సరదాగా ఉంటుంది. కానీ రేపు మీ సీటులోకి ఇంకొకరు వస్తే ఆ ఫంక్షన్ కన్నా ఈ వరసక్రమమే ఎక్కువ రోజులు బతుకుతుంది.

ఇక సూచనల ఫైలు. డైమండ్లు ఎందుకొస్తున్నాయో ఈపాటికి మీకే తెలిసి ఉంటుంది. 80ని 3తో భాగిస్తే 26 పోను 2 మిగులుతుంది. ఖాళీ లేకుండా తెలుగే వస్తే 26 గుర్తులయ్యాక 27వ దాని రెండు బైట్లు పై వరసలో, మూడోది కింది వరసలో పడతాయి. రెండు ముక్కలూ విడివిడిగా దేనికీ పనికిరావు, కాబట్టి టెర్మినల్ డైమండ్ గీస్తుంది. 78 పెడితే సరిపోతుంది కదా అని అనిపిస్తుంది. నేనూ ఒకప్పుడు అనుకున్నాను. మాటల మధ్య ఖాళీ ఒక్క బైటే. మొదటి ఖాళీ రాగానే ఆ భాగహారం చెడిపోతుంది.

మీ మెషీన్‌లో ఫోల్డ్ దేన్ని లెక్కపెడుతోందో అర నిమిషంలో తేల్చుకోవచ్చు:

ఎకో విజయవాడ | ఫోల్డ్ -డబ్ల్యూ 7

మాట ఒకే వరసలో చక్కగా వస్తే దానికి బైట్లు దాటి చూడ్డం వచ్చు. డైమండ్లతో ముక్కలై మూడు వరసల్లో వస్తే బైట్ల లెక్కే. ఫెడోరా, సూసే అనే వేరే లినక్స్‌ల వాళ్లు చాలాకాలంగా తమ సొంత మార్పులు కలిపి పంపిస్తారు కాబట్టి అక్కడ ఫలితం వేరుగా ఉంటుంది. ఇలాంటి చోట ఏ వెబ్‌సైట్‌లో ఏం రాశారన్నది అనవసరం, మీ మెషీన్‌నే అడగండి.

బైట్ల లెక్క అని తేలినా ఫోల్డ్‌ని పారేయనక్కర్లేదు. మైనస్ ఎస్ ఇస్తే ఖాళీ ఉన్నచోటే విరుస్తుంది. మాట తెగదు, డైమండ్ రాదు. ఒక్క మాటే వెడల్పు కన్నా పొడవుంటే తప్ప. కాకపోతే తెలుగు వరసలు మరీ పొట్టిగా వస్తాయి. 72 బైట్లలో తెలుగు మూడు మాటలు పడితే గొప్ప. సరేనని వెడల్పు 200 ఇస్తే తెలుగు వరసలు బాగుంటాయి, ఇంగ్లిష్ వాక్యాలు మాత్రం కుడి గోడ దాటి వెళ్లిపోతాయి. మీ ఫైల్లో రెండు భాషలూ ఉన్నాయి కాబట్టి ఈ తంటా తప్పదు.

ఎఫ్ఎంటీ కమాండ్ ఫోల్డ్ కన్నా తెలివైనది. ఫోల్డ్ గొడ్డలి, వరస నిండగానే కొడుతుంది. ఎఫ్ఎంటీ పేరా మొత్తం చదివి, ఏ వరస ఎక్కడ విరిస్తే మొత్తమ్మీద ఎగుడుదిగుడు తక్కువ ఉంటుందో చూసి విరుస్తుంది. వాక్యం మొదటి మాట ఒక్కటే వరస చివర వేలాడకుండా, ఆఖరి మాట ఒక్కటే కింద పడకుండా వీలైనంత చూస్తుంది. దీని వెనకున్నది కనూత్, ప్లాస్ అనే ఇద్దరు 1981లో ప్రచురించిన పద్ధతి, టెక్ అనే టైప్‌సెట్టింగ్ ప్రోగ్రామ్‌లో వాడింది కూడా అదే. ఏమీ చెప్పకపోతే 75 వెడల్పు తీసుకుంటుంది. పాపం దీనిదీ బైట్ల లెక్కే. ఇంగ్లిష్ డాక్యుమెంట్లకి మాత్రం కళ్లు మూసుకుని వాడండి.

దానితో ఒక్క జాగ్రత్త. ఎఫ్ఎంటీ వరసల్ని విరవడమే కాదు, కలుపుతుంది కూడా. ఖాళీ వరస లేకుండా ఒకదాని కింద ఒకటి రాసిన అడ్రసు, ఫోన్ నంబర్ల జాబితా, ఒకటి రెండు మూడు అని రాసిన సూచనలు అన్నీ ఒక ముద్ద పేరా అయిపోతాయి. మైనస్ ఎస్ ఇస్తే పొడుగు వరసల్ని విరుస్తుంది గానీ పొట్టివాటిని కలపదు. మీ ఫైల్లో నంబర్లు వేసిన సూచనలున్నాయి కదా, ఆ ఆప్షన్ మర్చిపోవద్దు.

మీ రెండు భాషల ఫైలుకి నా సలహా మళ్లీ పైథానే. టెక్స్ట్‌ర్యాప్ అనే మాడ్యూల్ గుర్తుల లెక్కన విరుస్తుంది. గుర్తుల లెక్క తప్పని ఇందాకే చెప్పి మళ్లీ అదే వాడమంటున్నానేంటి అనుకోకండి. పట్టీకి కచ్చితమైన లెక్క కావాలి. పేరాకి గోడ దాటకపోతే చాలు. తెలుగు గుర్తు ఏదైనా ఒక గడి తీసుకుంటుంది లేదా అసలు తీసుకోదు, రెండు గళ్లు ఎప్పుడూ తీసుకోదు. కాబట్టి 70 గుర్తుల వరస 70 గళ్లకి మించే అవకాశమే లేదు, కాస్త తగ్గుతుంది అంతే. కుడి అంచు కొంచెం ఎగుడుదిగుడుగా ఉంటుంది, చదవడానికి ఏ ఇబ్బందీ లేదు. ఎమోజీలు ఉంటే మాత్రం ఈ మాట చెల్లదు, అవి రెండేసి గళ్లు మింగుతాయి. పొడవాటి మాటల్ని విరవొద్దని చెప్పే ఆప్షన్ ఒకటుంది, 'బ్రేక్ లాంగ్ వర్డ్స్', దానికి ఫాల్స్ (పెద్ద ఎఫ్‌తో) ఇవ్వండి. లేకపోతే పొడుగు మాటని ఎక్కడంటే అక్కడ నరికి, హల్లుని పైన వదిలేసి గుణింతాన్ని కింద వరసకి పంపించగలదు.

ఇంతకీ అసలు సంగతికి ఇప్పుడొస్తున్నాను. విరిచిన దాన్ని మీరు ఫైల్లో దాచుకుంటున్నారు, అది మానండి. ఫైల్లో పేరాకి ఒక వరస, అంతే. ఎంత పొడవున్నా సరే. విరవడం చూపించేటప్పుడు మాత్రమే జరగాలి. ఎందుకంటే ఇవాళ 80 గళ్లకి విరిచి దాచిన ఫైలుని రేపు ఒకరు ఫోన్‌లోని టెర్మినల్ యాప్‌లో 45 గళ్లలో తెరుస్తారు. ఒక నిండు వరస, ఒక అరకొర వరస, మళ్లీ నిండు వరస, మెట్ల బావిలా కనిపిస్తుంది. మధ్యలో ఒక మాట చేర్చితే కిందున్న వరసలన్నీ మళ్లీ సర్దాలి. 80 అనే అంకెకి పవిత్రత ఏమీ లేదు. ఐబీఎం 1928లో తెచ్చిన పంచ్ కార్డుకి 80 నిలువు వరసలుండేవి. 1978 నాటి వీటీ100 టెర్మినల్‌కి అడ్డంగా 80 గళ్లు, నిలువుగా 24 వరసలు. ఆ అలవాటు మనదాకా వచ్చింది.

చూపించే వెడల్పు ఎంతో స్క్రిప్ట్ తనంతట తానే తెలుసుకోవాలి. టీపుట్ కాల్స్ అని అడిగితే ఇప్పుడు టెర్మినల్‌కి ఎన్ని గళ్లున్నాయో చెబుతుంది. కాలమ్స్ అనే షెల్ వేరియబుల్‌ని స్క్రిప్ట్‌లో నమ్ముకోకండి, అది మామూలుగా ఎక్స్‌పోర్ట్ అవదు కాబట్టి స్క్రిప్ట్‌లో ఖాళీగా కనిపించొచ్చు. వచ్చిన వెడల్పు 72 కన్నా ఎక్కువైతే 72కే ఆపండి. తెర పెద్దగా ఉందని 180 గళ్ల పొడవున వరస పెడితే, ఒక వరస చివర్నుంచి రెండో వరస మొదటికి వచ్చేసరికి కన్ను దారి తప్పుతుంది.

చూపించడానికి లెస్ అనే కమాండ్ వాడండి. పేరాలకి కొత్త లెస్‌లో వర్డ్‌ర్యాప్ అనే పొడవాటి ఆప్షన్ ఉంటుంది, హెల్ప్‌లో కనిపిస్తే మీ దగ్గరున్నట్టే. అది ఉంటే విడిగా విరిచే పనే తప్పుతుంది, ఫైలు ఫైలుగానే ఉంటుంది. పట్టీలకి మైనస్ పెద్ద ఎస్ ఇవ్వండి. పొడుగు వరసలు కిందకి మడత పడకుండా కుడివైపున దాక్కుంటాయి, బాణం మీటలతో పక్కకి జరుపుకుని చూడొచ్చు. టిక్కీల పట్టీ మడత పడితే ఏ అంకె ఏ లాటుదో తెలుసుకోవడానికి స్కేలు పెట్టుకోవాలి.

లెస్‌లో తెలుగుకి బదులు కోణపు బ్రాకెట్లలో ఈ0, బీ0, 97 లాంటివి కనిపిస్తే ఫైలు పాడైందని కంగారు పడకండి. అది 'గ' అక్షరమే. తెలుగు గుర్తులన్నీ ఈ0 బైటుతోనే మొదలై, రెండో బైటు బీ0 గానీ బీ1 గానీ ఉంటుంది. అలా కనిపిస్తోందంటే లొకేల్ (భాష, లిపి సెట్టింగు) సరిగా లేదన్నమాట. లొకేల్ కమాండ్ కొట్టి చూడండి, సీ అనో పోసిక్స్ అనో వస్తే ల్యాంగ్‌ని సీ.యూటీఎఫ్-8కి మార్చండి (రెండూ పెద్ద అక్షరాల్లోనే). విండోస్ నుంచి పుట్టీ అనే ప్రోగ్రాంతో లాగిన్ అయ్యేవాళ్లు విండో సెట్టింగుల్లో ట్రాన్స్‌లేషన్ పేజీలో క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్-8 ఉందో లేదో చూసుకోవాలి.

ఇదే ఇబ్బంది క్రాన్‌లో (చెప్పిన వేళకి కమాండ్లని తనే నడిపే ప్రోగ్రాం) ఇంకో రూపంలో వస్తుంది. పగలు చేత్తో నడిపితే పట్టీ చక్కగా వస్తుంది, రాత్రి క్రాన్ నడిపిన పట్టీ మెయిల్లో చెత్తగా వస్తుంది. మీ లాగిన్‌కి ఉన్న సెట్టింగులు క్రాన్‌కి రావు. క్రాన్‌ట్యాబ్‌లో పైనే ల్యాంగ్ వరస రాయండి. టీపుట్ కూడా అక్కడ పనికిరాదు, క్రాన్‌కి టెర్మినలే లేదు కదా. వెడల్పు 72 అని చేత్తో ఇచ్చేయండి.

ఫైలు ఎక్కడినుంచి వచ్చిందన్నది కూడా చూసుకోవాలి. నోట్‌ప్యాడ్ నుంచి వచ్చినదైతే ప్రతి వరస చివరా ఇంకో కనపడని గుర్తు ఉంటుంది. కాలమ్‌తో సర్దినప్పుడు చివరి కాలమ్ విచిత్రంగా ప్రవర్తిస్తే అదే కారణం; డాస్‌టుయూనిక్స్ ఒకసారి నడిపితే పోతుంది. ట్యాబులుంటే ఎక్స్‌పాండ్ కమాండ్‌తో ఖాళీలుగా మార్చుకోండి, మామూలుగా ట్యాబు 8 గళ్ల లెక్క. వర్డ్ ఫైలు పంపితే పాన్‌డాక్ అనే కమాండ్‌తో ప్లెయిన్‌కి మార్చుకుంటే పేరాలూ జాబితాలూ చెడవు. దానికి 'ర్యాప్ నన్' అని చెబితే వరసలు విరవకుండా ఇస్తుంది, మనకి కావాల్సింది అదే. డీటీపీ సెంటర్‌లో పాత ఫాంట్లతో కొట్టించిన నోటీసులు మాత్రం ఈ దారిన రావు. వాటిలో తెలుగు అన్నదే ఉండదు, ఇంగ్లిష్ అక్షరాలకి తెలుగు బొమ్మలు తొడిగి ఉంటారు. టెర్మినల్‌లో పిచ్చి గీతల్లా కనిపిస్తాయి. ఎన్‌కోడింగ్ మార్చే ఐకాన్వ్ కమాండ్ కూడా చేతులెత్తేస్తుంది. ఆ ఫాంట్లని యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్ దొరికితే సరే, లేకపోతే ఒక పేజీ నోటీసుని మళ్లీ టైప్ చేసుకోవడమే తొందరగా అయ్యే పని.

మీరు చివర్లో డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ సంగతి అడిగారు. దానికి పీఆర్ కమాండ్ ఉంది. పేజీకి 66 వరసలు అనుకుంటుంది, 11 అంగుళాల కాగితం, అంగుళానికి 6 వరసలు. అందులో పైన 5, కింద 5 హెడర్‌కీ ఖాళీకీ పోతాయి. మీ కంటిన్యువస్ స్టేషనరీ 11 అంగుళాలదైతే మార్చాల్సింది లేదు. 12 అంగుళాలదైతే మైనస్ ఎల్ 72 ఇవ్వండి, లేకపోతే ప్రతి పేజీకీ ఆరు వరసలు జరుగుతూ పోయి, చిల్లుల గీత మీద లాట్ నంబర్లు పడతాయి. మైనస్ హెచ్‌తో మీ శీర్షిక ఇచ్చుకోవచ్చు, తేదీ, పేజీ నంబరు అదే వేస్తుంది. అయితే టెక్స్ట్ మోడ్‌లో ఆ ప్రింటర్ తన లోపలున్న అక్షరాలే కొడుతుంది. యూనికోడ్ తెలుగు రాదు. ప్రింట్ పట్టీలో ఊరి పేర్లు ఇంగ్లిష్‌లోనే ఉంచండి.

ఇంకొక్కటి, ఇది మీకు జరగకూడదని చెబుతున్నాను. ఎఫ్ఎంటీ ఫలితాన్ని అదే ఫైలులోకి తిరిగి పంపకండి. 'ఎఫ్ఎంటీ నోటీసు > నోటీసు' అని కొడితే, ఎఫ్ఎంటీ చదవడం మొదలుపెట్టకముందే షెల్ ఆ ఫైలుని ఖాళీ చేసేస్తుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా ఆఫీసులో రెండేళ్లుగా రాసుకుంటూ వచ్చిన సూచనల ఫైలుని నేను సరిగ్గా ఇలాగే సున్నా బైట్లు చేశాను. బ్యాకప్ లేదు. మా సీనియర్ అన్నయ్య డ్రాయర్లోంచి ఒక పాత ప్రింటు తీసి బల్ల మీద పెట్టి, ఏమీ అనకుండా టీకి వెళ్లిపోయారు. సాయంత్రం దాకా కూర్చుని మళ్లీ టైప్ చేశాను.

కాబట్టి ఇవాళ మీరు చేయాల్సిన పని ఇదీ. ముందు రెండు ఫైళ్లకీ కాపీ తీసుకోండి. విజయవాడతో ఫోల్డ్ పరీక్ష చేయండి. సూచనల ఫైల్లో విరిగిన వరసల్ని పేరాకి ఒకటిగా కలిపేయండి, నంబర్ల జాబితాల్ని చేత్తో చూసుకుంటూ. పట్టీలో ఊరి కాలమ్‌ని చివరికి జరపండి, ఖాళీల్లో అడ్డగీతలు పెట్టండి. ఊరు మధ్యలోనే ఉండాలని మేనేజర్ గారు పట్టుబడితే పై ఫంక్షన్ రాసి, ఊరి పేరు తర్వాత ఒక నిలువు గీత పెట్టి, గుంటూరు, విజయవాడ, తెనాలి, సత్తెనపల్లి నాలుగూ వరసగా ప్రింట్ చేయండి. సత్తెనపల్లి గీత ఎక్కడ నిలబడిందో, ఏ టెర్మినల్ వాడుతున్నారో చెబితే మిగతాది అక్కడినుంచి చూద్దాం.